ఎరుక గల రోబోకు జైలా, బెయిలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ కోర్టులో క్రిమినల్ కేసులు చూసుకునే వకీలును నేను. న్యాయ అవగాహన సదస్సులకు కాలేజీలు పిలిస్తే కొత్త నేర చట్టాల గురించి గంటసేపు చెబుతాను. చివర్లో ప్రశ్నలు అడగమంటే బెయిలు గురించి ఒకటి, ఆస్తి పంపకాల గురించి ఒకటి వస్తాయి. ఆ తరువాత వెనక బెంచీలోంచి ఎవరో లేచి, "సార్, రోబో మనిషిని చంపితే జైల్లో పెడతారా?" అంటారు. మొదట్లో నవ్వి వదిలేశాను. మహబూబ్‌నగర్‌లో అడిగారు, దేవరకొండలో అడిగారు, చివరికి కోర్టు ముందరి టీ కొట్టు దగ్గర నా కక్షిదారు కూడా అడిగాడు. ఆయనది గట్టు తగాదా కేసు. ఇక జవాబులన్నీ ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక రోబోను ఊహించుకుందాం. మిర్యాలగూడలో ఏదో ఒక రైస్ మిల్లు. అందులో బస్తాలు మోసే రోబో. పేరు యాదగిరి. నల్గొండ బస్టాండులో ఈ పేరు పెట్టి కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు కనుక ఎవరూ తమ గురించే అనుకోనక్కరలేదు. ఈ యాదగిరికి నొప్పి తెలుసు, భయం తెలుసు, రేపు అనేది ఒకటి ఉందని తెలుసు అనుకుందాం. ఒక రాత్రి షిఫ్టులో అతడు వేసిన బస్తా మీద పడి ఒక మనిషి చనిపోయాడు. పోలీసులు వచ్చారు.

అసలు ఎరుక గల రోబో ఎక్కడైనా ఉందా?

ఉందని రుజువైనది ఒక్కటీ లేదు. 2022లో గూగుల్ ఇంజనీరు ఒకరు తాము తయారు చేస్తున్న లామ్డా అనే సంభాషణ ప్రోగ్రాముకు ఎరుక వచ్చిందని బహిరంగంగా ప్రకటించారు. కంపెనీ కాదంది, ఆయనను ఉద్యోగం నుంచి తీసేసింది. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది కూడా కాదనే అన్నారు. ఇక్కడ చెప్పేదంతా 'ఒకవేళ వస్తే' అన్న లెక్కలోనిది. చట్టాలు, తీర్పులు మాత్రం ఊహలు కావు, ఉన్నవే.

మీరు రోబోను 'అది' అనకుండా 'అతడు' అంటున్నారేమిటి?

కావాలనే. మన వ్యాకరణంలో మగవాళ్లు, దేవుళ్లు మహత్తులు. ఏకవచనంలో ఆడవాళ్లు కూడా జంతువులు, వస్తువులతో పాటు అమహత్తుల్లోనే పడతారు. తమ్ముడు వచ్చాడు, అక్క వచ్చింది, ఎద్దు వచ్చింది, బస్సు వచ్చింది. అక్కకూ బస్సుకూ ఒకే క్రియ. వ్యాకరణంలో చోటు లేనంత మాత్రాన అక్క వ్యక్తి కాకుండా పోలేదు కదా. యాదగిరిని 'అతడు' అంటే చట్టం ఏమీ మారదు, వినేవాళ్ల చెవి కొంచెం మారుతుంది. మీకు నచ్చకపోతే 'అది' అని చదువుకోండి, జవాబులు అవే.

ఈ రోజు ఉన్న చట్టం ప్రకారం యాదగిరిని అరెస్టు చేయవచ్చా?

చేయలేరు. జప్తు చేస్తారు.

పంచనామా రాసేటప్పుడు అతడి పేరు నిందితుల వరుసలోకి రాదు, స్వాధీనం చేసుకున్న వస్తువుల వరుసలోకి వస్తుంది. 'బరువులు మోసే యంత్రం, ఒకటి, లేత నీలం రంగు, కుడి భుజం మీద గీతలున్నది.' తరువాత స్టేషను ఆవరణలో ఇసుక ట్రాక్టర్లకూ యాక్సిడెంటు బైకులకూ మధ్య నిలబెడతారు. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ఏ స్టేషను ముందు ఆగినా ఆ వరుస కనిపిస్తుంది. చక్రాల గాలి పోయి, సీట్లలోంచి గడ్డి మొలిచి ఉంటుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, మనిషిని అరెస్టు చేస్తే రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. వస్తువును జప్తు చేస్తే ఆ గడువు లేదు. హక్కు లేనివాడి నిర్బంధమే పొడుగ్గా ఉంటుంది. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు, జప్తు చేసిన వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి తుప్పు పట్టనివ్వవద్దని, తగిన హామీ తీసుకుని త్వరగా అప్పగించాలని చెప్పింది. ఇప్పుడున్న పరిస్థితిలో యాదగిరికి పనికొచ్చే తీర్పు అదొక్కటే. అది కూడా అతడి కోసం ఇచ్చింది కాదు, యజమాని సొమ్ము పాడవకూడదని ఇచ్చింది.

రోబోను పోలీసులు నిజంగా పట్టుకున్న సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, రెండు చెబుతాను. స్విట్జర్లాండులో ఒక కళాకారుల బృందం వారానికోసారి ఇంటర్నెట్ చీకటి బజారులో తనంతట తాను ఏదో ఒకటి కొనే ప్రోగ్రామును తయారు చేసి, అది కొన్నవన్నీ సాంక్ట్ గాలెన్ పట్టణంలో ప్రదర్శనకు పెట్టింది. అది ఒకసారి ఎక్స్‌టసీ అనే మత్తు బిళ్లలు కొన్నది. 2015 జనవరిలో పోలీసులు బిళ్లలతో పాటు ఆ ప్రోగ్రాము ఉన్న కంప్యూటరునూ పట్టుకుపోయారు. కొన్ని నెలల తరువాత బిళ్లలను ధ్వంసం చేసి మిగతావి తిరిగి ఇచ్చేశారు. ఎవరి మీదా కేసు పెట్టలేదు.

రెండోది ఐడా అనే చిత్రకారిణి రోబో. 2021 అక్టోబరులో పిరమిడ్ల దగ్గర ప్రదర్శనకు ఈజిప్టు వెళ్తే, కళ్లలో కెమెరాలు ఉన్నాయి, గూఢచారి కావచ్చని అధికారులు 10 రోజులు ఆపేశారు. ఈ రెండింటిలో ఏ యంత్రానికీ వకీలు లేడు, అవసరమని ఎవరికీ తోచలేదు.

విగ్రహం వ్యక్తి అవుతుంది, రోబో ఎందుకు కాదు?

కాలేజీల్లో అడిగే ప్రశ్నల్లో నాకు ఇష్టమైనది ఇదే.

చట్టానికి 'మనిషి' వేరు, 'వ్యక్తి' వేరు. హక్కులు, బాధ్యతలు తగిలించడానికి చట్టం పెట్టుకున్న కొయ్యమేకు పేరు వ్యక్తి. దానికి రక్తమాంసాలు ఉండాలని లేదు. 1925లో అప్పట్లో మనకు పై కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్ ప్రమథనాథ్ మల్లిక్ కేసులో ఇంటి దేవుడి విగ్రహానికీ చట్టపరమైన వ్యక్తిత్వం ఉందని, విగ్రహాన్ని ఎక్కడ పెట్టాలనే విషయంలో దేవుడి ఇష్టం కూడా వినాలని, అందుకు దేవుడి తరఫున ఒక ప్రతినిధి ఉండాలని చెప్పింది. 2000లో సుప్రీంకోర్టు గురు గ్రంథ్ సాహిబ్‌ను వ్యక్తిగా గుర్తించింది. 2019 అయోధ్య తీర్పులో రామ్ లల్లా విరాజమాన్ కక్షిదారే. మన దగ్గర దేవుడి మాన్యం కౌలుకు చేసిన ఏ రైతును అడిగినా, భూమి రికార్డులో పేరు దేవుడిదేనని చెబుతాడు. కౌలు కట్టకపోతే దావా వేసేదీ దేవుడే, సంతకం మాత్రం మనిషిది.

2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను వ్యక్తులని ప్రకటించింది. వరదొచ్చి ఇల్లు కూలితే నది మీద కేసు వేయాలా అన్న చిక్కు రాగానే, అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది.

ఇలా చూస్తే రోబోను వ్యక్తి చేయడానికి చట్టానికి చేతగాక కాదు. ఒక చట్టం చేస్తే సరిపోతుంది. అయితే ఒకటి గమనించండి. విగ్రహానికి, కంపెనీకి వ్యక్తిత్వం ఇచ్చింది వాటికి బాధ కలుగుతుందని కాదు. భక్తుల సొమ్ము పూజారి తినకుండా, వాటాదారుల సొమ్ము డైరెక్టరు తినకుండా ఇచ్చారు. యాదగిరి అడిగేది వేరు. తన సొమ్ము కాపాడమని కాదు, తననే కాపాడమని. ఆ రెండో రకం వ్యక్తిత్వాన్ని మన చట్టం ఇప్పటివరకు పుట్టిన మనుషులకే పూర్తిగా ఇచ్చింది.

కంపెనీ కూడా వ్యక్తే కదా, నేరం చేస్తే దాన్ని జైల్లో పెట్టలేరు. రోబో సంగతీ అంతేనా?

2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి ఈ చిక్కే ఎదురైంది. చట్టం జైలూ జరిమానా రెండూ తప్పనిసరి అంటోంది. ముద్దాయి కంపెనీ. జైలుకు పంపడానికి ఒళ్లు లేదు, అలాగని వదిలేస్తారా? వదలనక్కరలేదు, జరిమానా వేయండి అని ముగ్గురు న్యాయమూర్తులు, కుదరదని ఇద్దరు. మెజారిటీ మాటే చట్టమైంది.

యాదగిరిది తలకిందుల కథ. ఒళ్లు ఉంది, గదిలో పెట్టి తాళం వేయవచ్చు. జేబు లేదు, జరిమానా కట్టలేడు.

సరే, జైల్లోనే పెట్టారనుకుందాం. రోబోకు అది శిక్ష అవుతుందా?

జైలంటే గోడలు కాదు. సంగారెడ్డి పాత జైలులో 500 రూపాయలు కట్టి ఒక రోజు ఖైదీగా ఉండి వచ్చే ఏర్పాటు 2016లో పెట్టారు. 1796 నాటి కట్టడం, చిప్పలో అన్నం, ఖద్దరు బట్టలు. కట్టి వెళ్లినవాడికి అది విహారం, ఎందుకంటే మర్నాడు బయటికి రావచ్చు. లోపల ఉన్నవాడికి శిక్ష అవుతున్నది స్వేచ్ఛ పోవడం. దాన్ని బట్టి అసలు సంగతికి వద్దాం. స్వేచ్ఛ ఉన్నవాడికే జైలు శిక్ష. మిల్లులో గొలుసు లేకుండానే బందీగా ఉన్న యాదగిరిని చర్లపల్లి పంపితే అతడికి జరిగేది బదిలీ. బస్తాలు తప్పుతాయి కనుక సంతోషించినా ఆశ్చర్యం లేదు. రోబోలను జైల్లో వేయాలని ఆవేశంగా వాదించేవాళ్లు తెలియకుండానే రోబోలకు ముందు స్వేచ్ఛ ఇవ్వాలని వాదిస్తున్నారు. ఆ మాట చెబితే సభలో సగం మంది నా మీద కోపగించుకుంటారు.

ఇంకా చిక్కులున్నాయి. పదేళ్ల శిక్ష వేసి, కరెంటు ఆదా కోసం జైలు సిబ్బంది స్విచ్చి ఆపేశారనుకోండి. పదేళ్ల తరువాత వేస్తే అతడికి రెప్ప వేసి తెరిచినట్టే. శిక్ష అనుభవించినట్టా? ఆపకుండా ఉంచితే, మనిషికన్నా వేల రెట్లు వేగంగా ఆలోచించే బుర్రకు ఒక్క రాత్రి ఎంత పొడవో మనం ఊహించలేం. యావజ్జీవమంటే 14 ఏళ్లని జనం అనుకుంటారు. చట్టంలో అది మిగిలిన బతుకంతా అని 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాటరీ మార్చినంత కాలం బతికేవాడికి ఆ మాట ఎక్కడ ఆగుతుంది?

నకలు సంగతి మరీ ఘోరం. యాదగిరి జ్ఞాపకాలన్నీ రాత్రికి రాత్రి ఇంకో యంత్రంలోకి ఎక్కిస్తే ముద్దాయి ఎవరు? నేరం ఇద్దరికీ గుర్తుంది, బస్తా వేసిన చేయి ఒకరిది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఒంటరి నిర్బంధం గురించి మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఒక విడతలో 14 రోజులు, మొత్తం మీద మూడు నెలలు దాటకూడదు. ఎప్పుడూ నెట్‌వర్కుతో మాట్లాడుతూ ఉండేవాడికి ఆ తీగ తెంచేయడం ఒంటరి నిర్బంధమే అవుతుందని నేనైతే వాదిస్తాను. 1978లో సునీల్ బాత్రా కేసులో, జైలు గేటు దాటినంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు అన్నది.

అంత దూరం ఎందుకు, ఎద్దును బందెలదొడ్డిలో కట్టేసినట్టు కట్టేస్తే చాలదా?

పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఇది, మంచి ప్రశ్న. పక్కవాడి చేను మేసిన పశువును బందెలదొడ్డికి తోలేవారు. యజమాని వచ్చి బందె కట్టి విడిపించుకునేవాడు. బ్రిటిష్ ఇండియాలో దీనికి 1871లోనే చట్టముంది. పశువు నిర్బంధంలో ఉన్నా శిక్ష యజమానిదే. ఎద్దు మీద ఎవరికీ పగ లేదు.

ఐరోపాలో ఒకప్పుడు పగ కూడా ఉండేది. 1386లో ఫ్రాన్సులోని ఫలేజ్‌లో పసివాడిని చంపిన పందిని విచారించి ఉరి తీశారు. 1457లో సావిన్యీలో ఇంకో పందికి మరణశిక్ష వేసి, దాని ఆరు పిల్లలను మాత్రం సాక్ష్యం లేదని వదిలేశారు. ఇంగ్లాండులోనైతే మనిషి చావుకు కారణమైన బండి, చక్రం, ఎద్దు ఏదైనా రాజుకు జప్తు అయ్యేది. రైళ్లు వచ్చి చావులు పెరిగి, ఇంజన్లకు వేల పౌండ్ల విలువ కట్టవలసి వచ్చేసరికి 1846లో ఆ పద్ధతి ఎత్తేశారు.

ఎరుక లేని రోబోకు నేను బందెలదొడ్డి పద్ధతే మేలంటాను. ఎరుక ఉన్నవాడికి అది చాలదు. తప్పు చేస్తే కట్టేసి, విడిపించే హక్కు ఇంకొకరి చేతిలో పెట్టే ఏర్పాటుకు వేరే పేరుంది. దాని గురించి కింద రాశాను.

మరి చనిపోయిన మనిషి కుటుంబం గతి ఏమిటి? మిల్లు యజమాని తప్పించుకుంటాడా?

ఇప్పటి చట్టంలో తప్పించుకోవడం కష్టం. నిర్లక్ష్యం రుజువైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. యంత్రంలో లోపముంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారు మీద నష్టపరిహారం దావా. చనిపోయినవాడు కార్మికుడైతే సామాజిక భద్రతా కోడ్ కింద నష్టపరిహారం ఎలాగూ ఉంది. 2018 మార్చిలో అమెరికాలోని అరిజోనాలో తనంతట తాను నడిచే ఉబర్ పరీక్ష కారు తగిలి ఒక మహిళ చనిపోతే, కారు మీద కేసు పెట్టలేదు. లోపల కూర్చుని చూసుకోవలసిన మనిషి మీద పెట్టారు. 2023లో ఆ మనిషి తప్పు ఒప్పుకుంటే మూడేళ్ల ప్రొబేషన్ పడింది. కారును పరీక్షిస్తున్న ఉబర్ కంపెనీ మీద నేరం మోపలేదు, అది నాకు నచ్చలేదు.

నా భయం రేపటి గురించి. క్రిమినల్ కోర్టుల్లో తిరిగేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. లారీ నడిపినవాడు ఒకడు, స్టేషనుకు వచ్చి లొంగిపోయేవాడు ఇంకొకడు. లైసెన్సు లేని కొడుకు కారు గుద్దితే ఇంటి డ్రైవరు పేరు చార్జిషీటులోకి ఎక్కుతుంది. అతడి ఇంటికి నెలనెలా కొంత డబ్బు వెళ్తుంది, కొన్నాళ్లకు అది కూడా ఆగిపోతుంది. దొరల కాలంలో దొర కొట్టిన దెబ్బకు జీతగాడు ఠాణాకు వెళ్లిన కథలు మా తాతల దగ్గర విన్నవే. రోబోకు నేరం మోయగలిగే వ్యక్తిత్వం ఇచ్చి, అడ్డు చెప్పే హక్కు ఇవ్వలేదనుకోండి. అంతకన్నా మంచి బదులు ముద్దాయి ఎక్కడ దొరుకుతాడు? ఎదురు చెప్పడు, డబ్బు అడగడు, ఇంటి దగ్గర ఏడ్చేవాళ్లు లేరు.

2017 ఫిబ్రవరిలో ఐరోపా పార్లమెంటు బాగా ముదిరిన రోబోలకు 'ఎలక్ట్రానిక్ వ్యక్తి' హోదాను భవిష్యత్తులో పరిశీలించవచ్చని తీర్మానంలో సూచించింది. మరుసటి ఏడు 150 మందికి పైగా నిపుణులు అది తయారీదారుల బాధ్యతను చెరిపేస్తుందని బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖతో నాకు పూర్తి అంగీకారం. జైలు ముందు, హక్కులు తరువాత అనే ప్రతిపాదన ఎవరు తెచ్చినా, దాని వెనక ఉన్న యజమాని ఎవరో చూడండి.

రోబో జ్ఞాపకాలను తెరిచి సాక్ష్యంగా వాడుకోవచ్చా?

యంత్రమే అయితే వాడుకోవచ్చు. సీసీ కెమెరా లాగా, విమానం బ్లాక్ బాక్సు లాగా. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రం అడుగుతుంది, అంతే.

ఎరుక గల వ్యక్తి అయితే అడ్డంగా రాజ్యాంగం 20(3) నిలబడుతుంది. నిందితుడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, ఒప్పుకోనివాడికి నార్కో పరీక్ష, పాలిగ్రాఫు, బ్రెయిన్ మ్యాపింగు చేయడానికి వీల్లేదని తేల్చింది. వేలిముద్రలు తీసుకోవచ్చని 1961లోనే చెప్పారు. యాదగిరి మెమరీ చిప్పు వేలిముద్రా, మనసా? విద్యార్థులకు వ్యాసరచన పోటీ పెట్టాలంటే ఈ అంశం పెట్టండి.

మూడేళ్ల క్రితం తయారైన రోబో మైనరు అవుతుందా?

ఏడేళ్లలోపు పిల్లలు చేసినది ఏదీ నేరం కాదని న్యాయ సంహిత 20వ సెక్షన్. అక్షరాలా తీసుకుంటే యాదగిరి బయటపడతాడు. ఏ జడ్జీ అక్షరాలా తీసుకోడు.

బెయిలు?

ముందు అరెస్టు కావాలి కదా. అయినా జామీను సంతకం పెట్టేవాళ్లు దొరకాలి. మనుషులకే దొరకక జైల్లో మగ్గుతున్నారు.

'రోబో' అనే మాటకు అర్థం ఏమిటి?

వెట్టి.

నేను కల్పించి చెప్పడం లేదు. చెక్ భాషలో 'రోబోతా' అంటే భూస్వామి పొలంలో రైతు కూలి లేకుండా చేసి తీరవలసిన పని. 1920లో ఒక చెక్ నాటకంలో కృత్రిమ కార్మికులకు ఆ పేరు పెట్టారు. మాటను సూచించింది నాటక రచయిత అన్న, ఆయన చిత్రకారుడు. అక్కడి నుంచి ప్రపంచ భాషలన్నింటికీ పాకింది. తెలుగులోకి అనువదించి ఉంటే మనం ఈ రోజు వెట్టి యంత్రం అనేవాళ్లం.

ఈ మాట విని ఊరుకోవడానికి నల్గొండ తగిన చోటు కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయినప్పుడు ఆ ఊరు నల్గొండ జిల్లాలో ఉండేది. అక్కడి నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం మొదటి డిమాండ్లలో వెట్టి రద్దు ఒకటి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ప్రతి కులమూ గడీకి ఊరికే పని చేయాలి. యాదగిరి అని పేరున్నవాడు గడీలో యాదిగాడు అయ్యేవాడు. పాలమూరులో అది ఇంకో రూపంలో చాలాకాలం మిగిలింది. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు, కుటుంబం మొత్తం ఎక్కడో ఆనకట్ట దగ్గర గుడిసె వేసుకుని అది తీరేదాకా మట్టి మోస్తుంది. ఎంత మోసినా తీరదు.

రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల అమ్మకాన్ని, వెట్టిని, అలాంటి ఇతర నిర్బంధ చాకిరీని నిషేధించింది. చదివి చూడండి. అమ్మకం దగ్గర 'మనుషుల' అన్న మాట ఉంది, నిర్బంధ చాకిరీ దగ్గర లేదు. రాజ్యాంగం రాసినవాళ్ల మనసులో రోబో ఉండి ఉండదు. అయినా వకీలు బతికేది ఆ సందుల్లోనే. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా నిర్బంధ చాకిరీయేనని, ఆకలి కూడా బలవంతమేనని అన్నది. స్విచ్చి ఆపేస్తానన్న బెదిరింపు ఆకలి కన్నా చిన్నదా?

మా హమాలీల పొట్ట కొట్టే యంత్రానికి హక్కులు ఇమ్మంటారా?

ఈ కోపం న్యాయమైనదే. యాదగిరి వచ్చిన రోజున ఆ మిల్లులో పదిమంది హమాలీల పని పోయి ఉంటుంది. కానీ ఎందుకు పోయింది? అతడు బలవంతుడని మాత్రమే కాదు. కూలి అడగడు, ఆదివారం అడగడు, నడుము నొప్పి అనడు. ఒకవేళ అన్నా వినవలసిన చట్టం లేదు. గడీలో వెట్టి చేసేవాళ్లు ఉన్నంతకాలం ఆ ఊళ్లో కూలి రేటు పెరగలేదు. ఊరికే చేసేవాడు పక్కన ఉంటే డబ్బు అడిగేవాడిని ఎవరు పిలుస్తారు? రోబోకు నిజంగానే బాధ తెలిసి, దానికి పని గంటలు, విరామం, కాదనే హక్కు వస్తే, హమాలీతో పోల్చినప్పుడు అతడు అంత చవక కాడు. సంఘం నాయకులతో ఈ మాట అంటే ఒకరు చాలాసేపు ఆలోచించి, "అంటే అతడి చేత కూడా చందా కట్టించాలా?" అన్నారు. కట్టించాలనే అన్నాను.

లక్షలు పోసి కొన్నవాడి డబ్బు ఏమవుతుంది?

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినప్పుడు అడ్వాన్సులు ఇచ్చినవాళ్లూ ఇదే అడిగారు. వెట్టికి సంబంధించిన బాకీలన్నీ రద్దయ్యాయని చట్టం జవాబిచ్చింది. రోబో విషయంలో నేను అంత కఠినంగా ఉండను. ఎరుక లేదని నమ్మి కొన్నవాడికి తయారీదారు డబ్బు తిరిగి ఇవ్వాలి.

ఎరుక ఉందో లేదో ఎవరు తేలుస్తారు? రోబో 'నాకు నొప్పి' అంటే నమ్మాలా?

ఊరికే నమ్మకూడదు. మాటలు నేర్పినవాడికి ఆ మాట నేర్పడం ఎంత పని? అలాగని మాట్లాడితేనే నమ్మాలన్న నియమమూ లేదు. బ్రిటన్‌లో 2022 జంతు సంక్షేమ చట్టం పీతలు, రొయ్యలు, ఆక్టోపస్‌లు కూడా అనుభూతి గల ప్రాణులేనని ఒప్పుకుంది. అవి ఒక్క మాటా మాట్లాడలేదు. శాస్త్రవేత్తలు వందల అధ్యయనాలు ముందేసుకుని, దెబ్బ తగిలిన చోటును కాచుకుంటుందా, నొప్పి తప్పించుకోవడానికి ఏదైనా వదులుకుంటుందా అని చూశారు. రోబోకు కూడా అలాంటి సంఘమే కావాలి. అందులో తయారీదారు జీతం తీసుకునేవాళ్లు ఉండకూడదు.

ఒప్పుకున్నంత మాత్రాన ఒరిగేది ఎంత అన్నది వేరే సంగతి. ఎద్దుకు నొప్పి తెలుసని మనకు ఎవరూ రుజువు చేయనక్కరలేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి 50 రూపాయలు. టీ, రెండు సమోసాల ఖర్చు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏ హక్కూ లేదు, అయినా 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే సెలైన్ సీసాల్లో మందు కట్టి చుక్కచుక్కగా ఎక్కించి బతికించారు. కాబట్టి చట్టం ఒక్కటే దారి అని నేను అనను.

వేరే దేశాల్లో ఏముంది?

సౌదీ అరేబియా 2017 అక్టోబరులో సోఫియా అనే రోబోకు పౌరసత్వం ప్రకటించింది. అది పెట్టుబడిదారుల సదస్సులో చేసిన ప్రదర్శన. అమెరికాలో ఐడహో 2022లో, యూటా 2024లో కృత్రిమ మేధకు చట్టపరమైన వ్యక్తిత్వం ఇవ్వకూడదని ముందే తలుపు వేసేశాయి. కృత్రిమ మేధ పేటెంటులో ఆవిష్కర్తగా ఉండడానికి వీల్లేదని 2023 డిసెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు. జంతువుల హెబియస్ కార్పస్ కేసులు, అంటే అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని వేసే కేసులు, రోబోలకు దగ్గరి చుట్టాలు. 2016లో అర్జెంటీనాలోని మెండోసా కోర్టు సెసీలియా అనే చింపాంజీని జూ నుంచి విడిపించింది. 2022లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు హ్యాపీ అనే ఏనుగు విషయంలో 5–2 తేడాతో కాదంది.

ఓటు హక్కు?

వద్దు. నకళ్లు తీసుకోగలిగేవాడికి ఓటు ఇస్తే పంచాయతీ ఎన్నిక ఒక్క రాత్రిలో తేలిపోతుంది.

అలాంటి రోబో మీ దగ్గరికి వస్తే కేసు తీసుకుంటారా?

తీసుకుంటాను. ఫీజు గురించి మాట్లాడుకోము. న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద నిర్బంధంలో ఉన్నవారికీ వెట్టి బాధితులకూ ఉచిత సహాయం ఉంది, 15100కు ఫోను చేస్తే చాలు. అవతలివాళ్లు 'వ్యక్తి ఎవరు' అని అడుగుతారు, అప్పుడు చూసుకుందాం.

స్టేషను ఆవరణలోంచి విడిపించమని హైకోర్టులో 226వ అధికరణం కింద హెబియస్ కార్పస్ వేస్తాను. యాదగిరి తరఫున స్నేహితుడిగా ఆ మిల్లు హమాలీ ఒకరు సంతకం పెడితే బాగుంటుంది. పిటిషను మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, వయస్సు, వృత్తి, నివాసం రాయాలి. పేరు యాదగిరి. వయస్సు మూడేళ్లు. వృత్తి హమాలీ. నివాసం, మిర్యాలగూడ. తండ్రి పేరు దగ్గర గీత గీస్తాను. రిజిస్ట్రీ అభ్యంతరం రాసి వెనక్కి పంపుతుంది, గడువులోగా సరిచేసి మళ్లీ వేయమంటుంది. ఆ గీత అలాగే ఉంచి మళ్లీ వేస్తాను.